ఆమ్లం కలపని వర్ణపటం

విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన) ఉద్యోగమంటే ఒప్పందం గడువూ వీసా గడువూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, గ్రూప్ మీటింగ్ వచ్చిన ప్రతిసారీ చూపించడానికి ఏదో ఒక కొత్త ఫలితం ఉండాలన్న ఆరాటం మాలాంటి వాళ్లను వదలదు. వెండి మీద అధిశోషితమైన (ఉపరితలానికి అంటుకున్న) సేంద్రియ ఆమ్లాల రామన్ వర్ణపటాలు, అంటే లేజర్ కాంతి వాటి అణువులను తాకి రంగు మారి చెదిరినప్పుడు ఏ మార్పు ఎంత బలంగా వచ్చిందో చూపే గీతలు, తీయడం నా పని. ఈ పనిలో పీకులకు (ఆ గీతలో పైకి లేచే శిఖరాలకు) కొదవ ఉండదు. వాటిలో ఏది మన ఆమ్లానిదో తేల్చడంలోనే కాలమంతా గడిచిపోతుంది. (నా పేరు పలకడానికి తంటాలు పడే సహోద్యోగులు కూడా 1928 నాటి రామన్ పేరును రోజంతా తడబడకుండా అంటూనే ఉంటారు.)

మామూలుగా రామన్ పరిక్షేపణం (కాంతి అలా రంగు మారి చెదరడం) చాలా బలహీనమైనది. 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్‌లు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే సేంద్రియ పదార్థానికి బలమైన వర్ణపటం రాబట్టి, ఉపరితల వైశాల్యం పెరగడమే అందుకు కారణమనుకున్నారు. ఆ లెక్క చాలదనీ, ఒక్కో అణువు ఇచ్చే సంకేతమే లక్షల రెట్లు పెరిగిందనీ 1977లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి.

మేము ఎక్కువగా వాడేది 1982 నాటి లీ, మైసెల్‌ల పద్ధతి. మరుగుతున్న సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో సోడియం సిట్రేట్ పోసి, గంటసేపు మరగనిస్తే పసుపు కలిసిన బూడిదరంగులో, కాస్త మబ్బుగా వెండి కొల్లాయిడ్ (అతి సన్నని వెండి కణాలు తేలాడే ద్రవం) తయారవుతుంది. అందులో ఆమ్లం కలిపి, ఆపైన కొద్దిగా ఉప్పునీరు చేరిస్తే వెండి కణాలు గుంపులు కడతాయి, రంగు ముదురుతుంది. ఆ కణాల నడుమ సందుల్లో చిక్కిన అణువులే అసలైన సంకేతాన్ని ఇస్తాయి. ఉప్పు ఎక్కువైతే వెండి అడుగుకు దిగిపోతుంది.

చిక్కంతా సిట్రేట్‌తోనే. అదీ కార్బాక్సిలిక్ ఆమ్లపు లవణమే, అదీ వెండిని పట్టుకునే ఉంటుంది. బెంజోయిక్ ఆమ్లం వెండి మీద ప్రోటాన్ వదులుకొని బెంజోయేట్‌గా అంటుకున్నప్పుడు, ఘనరూపంలో 1635 సెం.మీ.⁻¹ (కాంతిలో వచ్చిన మార్పును కొలిచే ప్రమాణం) దగ్గర కనిపించే కార్బోనిల్ పీక్ మాయమై, 1390 ప్రాంతంలో కార్బాక్సిలేట్ పీక్ లేస్తుంది. సిట్రేట్ పీక్ కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఇక ఆ అణువులోని బెంజీన్ వలయం ఉపరితలానికి నిటారుగా నిలిచిందా, పడుకుందా అన్నది 3060 దగ్గరి సి-హెచ్ పీక్ బలాన్ని బట్టి ఊహించాలి. పారా-నైట్రోబెంజోయిక్ ఆమ్లం సంగతి మరీ మోసం: లేజర్ కాంతిలో వెండి మీదే అది అజో సమ్మేళనంగా (రెండు అణువులు నైట్రోజన్ల ద్వారా జతపడిన వేరే పదార్థంగా) మారగలదు, అప్పుడు మనం చూస్తున్నది మనం వేసిన పదార్థమే కాదు. తొందరలో ఉన్నవాడు ఆ కొత్త పీకులకు అణువు వాలు మారిందని అర్థం చెప్పేస్తాడు. లేజర్ శక్తి తగ్గించి, నిమిషం నిమిషానికీ వర్ణపటం తీసి చూస్తే ఆ పీకులు క్రమంగా పెరగడం తెలుస్తుంది.

అందుకే ఇక్కడి గ్రూప్ మీటింగ్‌లో ఎవరైనా సరే మొదట చూపాల్సింది ఆమ్లం కలపని వర్ణపటాన్ని: అదే కొల్లాయిడ్, అదే ఉప్పు, అదే లేజర్ శక్తి. ప్రొఫెసర్ చూపించినా, అది లేకపోతే మొదటి సంవత్సరం విద్యార్థిని చెయ్యెత్తి అడుగుతుంది, ఆయన లేచి వెతికి తెస్తారు. ‘సార్’ అనకుండా మాట మొదలుపెట్టడం ఎరగని నాకు అక్కడ నోరు పెగలడానికి చాలాకాలం పట్టింది. ఈ దేశపు పద్ధతులన్నీ నాకు నచ్చాయని చెప్పను గానీ, దీన్ని మాత్రం మనసారా మెచ్చుకుంటాను.

ఒప్పందం పొడిగింపు కోసం ఇచ్చిన నివేదికలో సిట్రేట్‌తో కలగలిసిన రెండు పీకుల ఎదురుగా ‘దేనివో తేలలేదు’ అని రాశాను. బోరోహైడ్రైడ్‌తో చేసిన కొల్లాయిడ్‌లో సిట్రేట్ ఉండదు కాబట్టి ఆ రెండింటినీ అందులో మళ్లీ తీయమన్నారు. పొడిగింపు ఆ పనికే వచ్చింది.