రాయి మంచిదే, లెటర్ మాత్రం వచ్చింది

కువైట్‌లో నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది పగిలిన గ్రైండర్ రాయి గురించి కాదు, బాగున్న రాయి గురించి. ఈ సంగతి క్యాంపులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు సెలవు మీద వచ్చి మలికిపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని కూడా అదే చెబుతున్నానని మా ఆవిడ విసుక్కుంటోంది. నిజమే, రెండేళ్ళయినా మింగుడు పడలేదు.

నేనక్కడ ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్‌ని. ఆ రోజు పెడస్టల్ గ్రైండర్, అంటే స్టాండు మీద నిలబెట్టి ఇనుము అరగదీసే మిషను, దాని మీద రాయి అరిగిపోతే స్టోర్ నుంచి కొత్తది తెచ్చి బిగించాను. ఎనిమిదంగుళాల రాయి. పాలకొల్లులో మేస్త్రిగారి లేత్ షాపులో ఏడేళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, నాకిది కొత్తా? నట్టు బిగించి స్విచ్ మీద చెయ్యి వేస్తుంటే వెనక నుంచి ఫోర్‌మన్ కేక. ఫిలిప్పీన్స్ మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. ఆయన గొంతు పెంచడం అంతకు ముందు మేమెవరం వినలేదు.

"కొట్టి చూశావా?" అన్నాడు.

"కొత్తదే సార్" అన్నాను.

మెయిన్ ఆపేసి, నేను బిగించిన నట్టు నాచేతే విప్పించాడు. రాయిని పొడిగుడ్డతో తుడిచి, మధ్య కన్నంలో వేలు పెట్టి వేలాడదీశాడు. స్క్రూడ్రైవర్ చెక్కపిడితో అంచుకి అంగుళంన్నర లోపల, కుడిపక్క ఒకసారి, ఎడమపక్క ఒకసారి మెల్లగా కొట్టాడు. రాయిని కాస్త తిప్పి మళ్ళీ కొట్టాడు. ఖంగుమంది. అన్నిచోట్లా ఒకటే మోత. షెడ్డులో పదిమంది చూస్తున్నారు. గెలిచింది నేనే అనుకున్నాను.

"చూశారా సార్, మంచిదే కదా."

"మంచిదే. అది నీకెలా తెలుసు?"

నోట్లోంచి "ఆయ్" అని మాత్రం వచ్చింది. ఆ మాట ఆయనకేం అర్థమైందో నాకు తెలీదు. రాయికి రెండువైపులా అట్ట వాషర్లు సరిగ్గా పెట్టించాడు. నట్టుని బలం కొద్దీ బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కవర్ వేయించి, ఇద్దరం పక్కకు తప్పుకున్నాక ఆన్ చేసి, ఒక నిమిషం ఖాళీగా తిరగనిచ్చాడు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా గడిచిందో! సాయంత్రానికి చేతిలో లెటర్ పెట్టారు.

నా బాధల్లా అదే. మన దగ్గరైతే మేస్త్రి ఒక మాట అంటారు, కోపం ఎక్కువైతే చేతిలో ఉన్న గుడ్డ విసిరేస్తారు, సాయంత్రం ఆయనే టీ చెబుతారు. అక్కడితో సరి. కాయితం మీద పేరెక్కించడం ఏమిటి? మనవైపు మనిషి పేరు కాయితం మీదకి ఎక్కితే అది పోలీసు స్టేషన్ వ్యవహారమే. పైగా కొట్టి చూడటం మనకు తెలియని విద్యా? మా అమ్మ అంతర్వేది తీర్థంలో కుండ కొన్నదంటే, వేలి కణుపుతో మొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, నాలుగు పక్కన పడేసి అయిదోది తీసుకునేది. కుమ్మరి గొణుగుతున్నా వదిలేది కాదు. కొబ్బరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, మోత వినకుండా మా కోనసీమలో ఎవరు కొంటారు? అలాంటి ఊరివాణ్ణి పట్టుకుని కొట్టి చూశావా అంటాడా!

ఇలా రోజూ నాలో నేనే వాదించుకుంటుంటే, చివరికి ఆ కుండే నాకు అడ్డం తిరిగింది. ఆ రాయి కూడా ఒక రకం కుండే. గరుకు రేణువుల్ని మట్టితో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చి చేస్తారు. అందుకే పగులుంటే ఖంగుమనకుండా బొంగురుగా పలుకుతుంది. చేతి గ్రైండర్‌కి వేసే నాలుగంగుళాల బిళ్ళ వేరు, అది రెసిన్ అనే జిగురుతో చేసింది. మంచిదైనా ఖంగుమనదు. దానికి నడుమ ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ చూసుకోవాలి. కుండ దగ్గర అమ్మకి తట్టింది, ఏడేళ్ళు రాళ్ళు బిగించిన నాకెందుకు తట్టలేదు? కుండ పగిలితే నీళ్ళు పోతాయి. ఎనిమిదంగుళాల రాయి నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు దాదాపు 109 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ముక్క ఊడిందంటే అదే వేగంతో వస్తుంది. స్టోర్‌లో ఎవరి చేతిలోంచి ఎప్పుడు జారిపడిందో కొత్త రాయి మీద రాసి ఉండదు కదా.

అయినా లెటర్ ఇవ్వాలా అన్నది వేరే సంగతి.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. బయట టీములన్నీ ఆ వేళకి మా షెడ్డులో చేరేవి. ఒకరోజు అందరూ కునుకు తీస్తుంటే ఆ ఫోర్‌మన్ నన్ను పిలిచి, ఇనుప ప్లేటు మీద చాక్‌పీస్‌తో 'ఏ 60 కే 5 వి' అని రాశాడు. రాయి మీద లేబుల్‌లో ఉండేదే. ఏ అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఉక్కుకి. అక్కడ సి ఉంటే సిలికాన్ కార్బైడ్, పోత ఇనుముకి, ఇత్తడికి. 60 రేణువు సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం. 5 రేణువుల మధ్య ఎడం. వి అంటే బట్టీలో కాల్చినదని. ఇంతవరకు బాగానే ఉంది. కే దగ్గర మాత్రం నా తల తిరిగింది. అది రాయి గట్టిదనం, అక్షరాల్లో 'ఏ' వైపుకి మెత్తన, 'జెడ్' వైపుకి గట్టి. గట్టి ఉక్కుకి మెత్తటి రాయి వాడాలట!

పాలకొల్లులో మేం షాపుకెళ్ళి ఎప్పుడూ "గట్టి రాయి ఇవ్వండి, ఎక్కువ కాలం రావాలి" అనే అడిగేవాళ్ళం. ఫోర్‌మన్ చెప్పిందేమిటంటే, గట్టి రాయిలో మొద్దుబారిన రేణువు ఊడిపోదు. అక్కడే పట్టుకుని ఉండి రాసుకుంటుంది. రాయి అద్దంలా నున్నబడుతుంది, టూల్ అరగడం మానేసి కాలుతుంది. మెత్తటి రాయిలో మొద్దు రేణువు రాలిపోయి కిందది పైకొస్తుంది. లేత్ టూల్‌కి సాన పడుతుంటే మొన నీలం తిరగడం మా షాపులో రోజూ చూసేదే. టూల్ నాసిరకం అని అమ్మినవాణ్ణి తిట్టేవాళ్ళం. పాపం అతను.

లెటర్ ఇచ్చిన మనిషే నిద్ర మానుకుని ఇది చెప్పాడు. నాకు ఇప్పటికీ ఆ రెండూ ఒకచోట కుదరవు.

మొన్న చించినాడ బ్రిడ్జి దాటి మేస్త్రిగారిని చూడబోయాను. ఖర్జూరాలు, యాక్స్ ఆయిల్, వాటితోపాటు రాయికి పట్టే స్టార్ డ్రెస్సర్ ఒకటి తీసుకెళ్ళాను. షాపు నిండా రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లే. గ్రైండర్ పాతదే. రాయి అరిగి అయిదున్నర అంగుళాలకి వచ్చింది, టూల్ ఆనించే రెస్ట్ మాత్రం ఎనిమిదంగుళాల నాటి చోటే ఉంది. మధ్యలో నా బొటనవేలు సులువుగా దూరింది. కువైట్‌లో ఆ సందు మూడు మిల్లీమీటర్లు దాటనివ్వరు, అరగదీసే ముక్క అందులో ఇరుక్కుంటే రాయి పగులుతుందని. రాయి ముఖం మీద వెండి మరకలు మెరుస్తున్నాయి. ఏరియేటర్ మోటార్ల అల్యూమినియం దీని మీదే రాసేస్తున్నారు మరి. కొత్త కుర్రాడొకడు అద్దాలు లేకుండా, కళ్ళు చికిలించి, తల పక్కకి తిప్పుకుని పని చేస్తున్నాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

కుర్రాణ్ణి ఆపమని, స్పానర్ తీసుకుని రెస్ట్ ముందుకి జరిపాను. మేస్త్రిగారు చూడనే చూశారు.

"ఏరా, కువైట్ వెళ్ళొచ్చి నాకే నేర్పుతున్నావా? ముప్పై ఏళ్ళుగా తిరుగుతోంది, ఒక్కనాడు రాయి పగిలిందా?"

పగల్లేదు. ఆయన ఎడమకంట్లో నల్లగుడ్డు అంచున తెల్లచుక్క ఉంటుంది. ఇనుప రజను పడితే పక్కషాపు అతను రుమాలు కొసతో తీశాడు, టార్చి పట్టుకున్నది నేనే. ఆ కంటివంక చూసి ఊరుకున్నాను.

డ్రెస్సర్ చేతికిచ్చి, దీన్ని రెస్ట్ మీద ఆనించి రాయి ముఖం మీద అటూ ఇటూ లాగితే మూసుకుపోయిన పొర రాలిపోయి కొత్త గరుకు వస్తుందని చెప్పాను. ఇన్నాళ్ళూ ఆ పనికి పాత రాయి ముక్కే వాడేవాళ్ళం. దాని పళ్ళ చక్రాల్ని వేలితో తిప్పితిప్పి చూశారు. మొహం వెలిగింది. మళ్ళీ కవర్లో చుట్టి, సొరుగులో పోయినసారి నేనిచ్చిన సెంటు సీసా పక్కన పెట్టి తాళం వేశారు.

"మంచి వస్తువురా. రోజూ వాడితే అరిగిపోదూ?"

టీ వచ్చింది. తాగుతూ, కుర్రాడి వైపు గడ్డంతో చూపించి, "వీడికి అక్కడ వీసా ఏమైనా చూడరా, పని వచ్చినవాడే" అన్నారు. వాడు మా మాటలు వింటూనే రాయికి సరిగ్గా ఎదురుగా నిలబడి స్విచ్ వేయబోతున్నాడు.

"ముందు పక్కకి జరిగి వెయ్యరా" అన్నాను.

"ఆయ్" అన్నాడు గాని, కదల్లేదు.