తీరిక ముందా, పని ముందా?

మా కార్యాలయంలో ఇద్దరు సహోద్యోగులు సెలవుల గురించి మాట్లాడుకోవడం మొన్న విన్నాను. వాడుకోకుండా మిగిల్చిన సెలవులను ఒకాయన పతకాల్లా లెక్కపెట్టి చెబుతుంటే, ఏడాది మొదట్లోనే తన సెలవులన్నిటికీ తేదీలు వేసుకున్న రెండో ఆయన జాలిగా విన్నాడు. సుఖపడటం తెలియని మనిషివి నువ్వేనని ఇద్దరూ లోలోపల అనుకుంటున్నట్టు నాకు తోచింది.

తీరిక అన్న మాటలోనే ఒక అభిప్రాయం దాగి ఉంది. పని తీరితే దొరికేది తీరిక. అంటే పనిదే అగ్రస్థానం, మిగిలినది దాని తరువాత. ప్రాచీన గ్రీకులు దీన్ని తలకిందులు చేశారు. తీరికను ‘స్ఖోలే’ అని, పనిని దానికి అభావంగా ‘అస్ఖోలియా’ అని పిలిచారు. తీరిక కోసమే మనం తీరిక లేకుండా శ్రమిస్తామని అరిస్టాటిల్ వాదించాడు. (ఆ తీరికను మోసింది బానిసల భుజాలన్న సంగతి వేరే చెప్పాలి.) పిల్లలు నమ్మకపోవచ్చు గానీ, ‘స్కూల్’ అన్న మాటకు మూలం కూడా ఆ స్ఖోలేయే.

2030 నాటికల్లా వారానికి 15 గంటల పని సరిపోతుందని ఆర్థికవేత్త కీన్స్ 1930లో ఊహించాడు. అంత తీరికను జనం ఏం చేసుకుంటారోనని ఆయన దిగులు కూడా పడ్డాడు. గడువు దగ్గరపడింది, పని అంతగా తరగలేదు. ఆ దిగులుకు మాత్రం ఆధారం ఉందనిపిస్తుంది. మనస్తత్వవేత్త చిక్‌సెంట్‌మిహాయి, ఆయన సహ పరిశోధకురాలు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా అప్పటి తమ అనుభవాన్ని రాయమన్నారు. పూర్తిగా లీనమైపోయే అనుభవం వారికి విశ్రాంతి వేళల్లో కంటే పనిలోనే ఎక్కువగా కలిగింది. అయినా అది తప్ప ఇంకేదైనా చేస్తే బాగుండునని పని వేళల్లోనే వారికి ఎక్కువగా అనిపించింది. కాబట్టి పనిలోనే తన ఆనందమంతా ఉందనే మొదటి సహోద్యోగిని అబద్ధమాడుతున్నాడని అనలేను.

అయితే ఆ ఇష్టాన్ని శరీరం లెక్కలోకి తీసుకుంటుందన్న నమ్మకం లేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. పైగా ఇష్టపడి ఎక్కువసేపు పనిచేసే పై అధికారి తన ఇష్టాన్నే కింది వారికి కొలబద్దగా పెట్టినప్పుడు, వారికి అది ఇష్టంగా మిగలదు. నా అభ్యంతరమంతా ఇక్కడే; ఆయన రాత్రి పదింటి వరకు కూర్చోవడం మీద కాదు, ఆరింటికి లేచిన మనిషి వైపు ఆయన చూసే చూపు మీద.

రెండో ఆయన పక్షం వహించే అర్హత నాకుందని కూడా చెప్పుకోలేను. సెలవు రోజు మధ్యాహ్నం, జీతం లేని ఈ రాతకు కూర్చున్న నేను, ఇందాక ఇంట్లో వాళ్లు కాసేపు నడిచి వద్దాం రమ్మంటే, తల ఎత్తకుండానే తీరిక లేదన్నాను.