నాన్న కాలి పుండు

నాన్నకి చెప్పు కరిచి ఇవాళ్టికి తొమ్మిది వారాలు. షుగర్ మనిషి కదా, రూపాయి బిళ్లంత పుండు మానడమే లేదు. పొద్దున్నే సెలైన్‌తో కడిగి, తడి గాజ్ పెట్టి కట్టు కట్టేది నేనే. "ఏరా, తగ్గిందా?" అంటారు, కాలి వైపు మాత్రం చూడరు.

రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టక ఏవేవో చదువుతూ మైక్రో ఆర్‌ఎన్‌ఏల దగ్గర ఆగిపోయాను. మన కణాల్లో ఉండే, సుమారు 22 రసాయన అక్షరాల బుల్లి ముక్క. ప్రొటీన్ తయారుచేయమని జన్యువు పంపే చీటీకి అతుక్కుని "ఇక చాల్లే" అని ఆపేస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ దీన్ని పట్టుకున్నది మిల్లీమీటరు పొడవున్న పురుగులో. నోబెల్ వచ్చేసరికి 2024 అయింది!

గాయానికి మొదట వాపు రావాలి, అది మంచిదే. వేళకి అది తగ్గి కొత్త చర్మం పెరగాలి. ఆ మలుపు తిప్పడంలో 132 నంబరు మైక్రో ఆర్‌ఎన్‌ఏకి పెద్ద పాత్ర ఉందని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. షుగర్ పుండ్లలో అదే తక్కువట. రక్తం సరిగా అందని గాయంలో 210 నంబరుది పెరిగి, అంచు కణాలు విభజన చెందకుండా అడ్డుపడుతుంది. నాన్న పుండు అంచూ అలాగే ఉండేది: తెల్లగా, మొద్దుగా, ఎక్కడిదక్కడే.

ఇవాళ కట్టు విప్పితే ఒక పక్కన సన్నటి గులాబీ గీత. చూడండి నాన్నా అన్నాను. కళ్లజోడు తెమ్మన్నారు.