నాన్న ఖర్చుల పుస్తకం

నాన్న ఖర్చుల పుస్తకంలో కొట్టివేతలు 2008 డిసెంబరు నుంచి మొదలవుతాయి. అంతకుముందు పేజీలన్నీ శుభ్రంగా ఉంటాయి. స్టోర్‌కీపర్ చేతిరాత మరి.

సెప్టెంబరు 15న అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా వార్త టీవీలో వస్తుంటే, "ఎక్కడి బ్యాంకో, మనకెందుకులే" అని ఛానల్ మార్చాడు. ఆయన పనిచేసేది కార్ల విడిభాగాల కంపెనీలో. ఆ దెబ్బకి జనానికి అప్పు పుట్టక కార్లు కొనడం తగ్గించేసరికి ఆర్డర్లు ఆగిపోయాయి. నవంబరు నెలాఖరుకి నాన్నతో పాటు స్టోర్‌లో సగం మందిని ఇంటికి పంపేశారు. జీతంతో పాటే కంపెనీ గ్రూపు బీమా కూడా పోయిందన్న సంగతి మేమెవరం పట్టించుకోలేదు.

ముందు న్యూస్‌పేపరు ఖర్చు మీద గీత పడింది. తర్వాత సిగరెట్లు (దానికి అమ్మ సంతోషించింది కూడా). నా కాలేజీ ఫీజు, తమ్ముడి ట్యూషన్ జోలికి వెళ్లలేదు. ఇంట్లో ఎవరూ అడగని ఖర్చులే వెతికి వెతికి కొట్టేశాడు. జనవరిలో తన టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా) ప్రీమియం. పక్కన చిన్నగా "మార్చిలో చూద్దాం".

బీపీ మాత్రలు మాత్రం కొట్టెయ్యలేదు.

మార్చి రెండో వారంలో స్నానాల గదిలో పడిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. "మాత్రలు రోజూ వేసుకునేవారా?" అని డాక్టరు అడిగితే, "ఒక్క పూటా మానలేదండీ" అంది అమ్మ. మూడో రోజు పోయాడు. తర్వాత ఎప్పుడో బీరువా సొరుగులో దొరికాయి, గోరుతో విరిచిన సగం మాత్రలు, పాత రసీదులో పొట్లం కట్టి.

ప్రీమియం గడువు జనవరి 12. ఆ పైన ఇచ్చే నెల రోజుల వెసులుబాటూ దాటిపోయింది. టర్మ్ పాలసీ కాబట్టి కట్టినదాంట్లో తిరిగొచ్చేదేమీ లేదు. మనిషి ఉండగా బకాయి కడితే మళ్లీ నిలబెట్టుకోవచ్చట. ఆ మాట చెప్పేటప్పుడు ఏజెంటు మా ముఖాలు చూడలేకపోయాడు. ఆయన్నేమంటాం.

ఇంకొక సంతకం ఉంది. తాతయ్య ఆపరేషన్‌కి నాన్న బ్యాంకులో తీసుకున్న అప్పుకి బాబాయి హామీ. అప్పు తీసుకున్న మనిషే పోతే హామీ ఉన్నవాడు బయటపడతాడని ఎవరో అంటే నమ్మాం. బ్యాంకు నేరుగా బాబాయి దగ్గరికే వెళ్లింది. ఉన్న కాస్త స్థలం అమ్మి కట్టాడు. పిన్ని మాతో మాటలు మానేసింది. ఆమె చోట నేనున్నా మానేసేదాన్నేమో. 2011లో బాబాయి గుండెపోటుతో పోయినప్పుడు అమ్మ వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, లోపల అడుగు పెట్టలేక తిరిగొచ్చేసింది.

పుస్తకం నా దగ్గరే ఉంది. రాసిన ఆఖరి పేజీ మొన్ననే చూశాను. మార్చి లెక్క. "ప్రీమియం" అని రాసి, ఎదురుగా అంకె వెయ్యకుండా వదిలేశాడు. దాని కింద తమ్ముడి ట్యూషన్, కట్టినట్టు టిక్కు.