మా నాలుగో క్లాసు అమ్మాయి, లెఫ్టినెంట్ గవర్నరు గారు

మేరీలాండ్‌లో పేరున్న ఒకరి గురించి రాసుకురమ్మని మా అమ్మాయికి బళ్లో చెప్పారు. నేనే అరుణా మిల్లర్ పేరు అందించాను, మనమ్మాయే కదా అని. పుట్టింటివాళ్లు కాట్రగడ్డవారు. 1964లో హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చింది. 2023 జనవరి నుంచి మా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్.

గుంటూరులో ఉన్న నాన్నకి వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే, "అయితే రాజ్‌భవన్‌లో ఉంటుందా అమ్మా? పుదుచ్చేరిలో ఉంటారే, అలాగా?" అన్నారు. ఇక్కడ గవర్నరుని ఎవరూ పైనుంచి పంపరు నాన్నా, జనమే ఓట్లేసి గెలిపిస్తారు, మన ముఖ్యమంత్రి లెక్క అన్నాను. లెఫ్టినెంట్ గవర్నరు కూడా ఆయనతో ఒకే టికెట్ మీద నిలబడాలి. 2022లో వెస్ మూర్‌తో కలిసి ఈవిడ అలాగే గెలిచింది. ఆ కుర్చీ ఖాళీ అయితే ఈవిడే గవర్నరు, లేదంటే ఆయన అప్పజెప్పిన పనులే పని. "డిప్యూటీ సీఎం అన్నమాట," అని నాన్న తేల్చేశారు.

ఆవిడ సివిల్ ఇంజనీరు అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మాంట్‌గామరీ కౌంటీలో దాదాపు పాతికేళ్లు రోడ్లు, ట్రాఫిక్ పనే చేసింది. 2010లో రాష్ట్ర శాసనసభకి ఎన్నికైంది, రెండు విడతలు చేసింది. 2018లో కాంగ్రెస్ సీటు కోసం, అంటే ఇక్కడి పార్లమెంటు సీటు కోసం, పోటీపడి, సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయింది.

"ఓడిపోయింది కూడా రాయాలా అమ్మా?"

"రాయి."

నాకు నచ్చింది వేరే ముక్క. 2023 మార్చిలో బాల్టిమోర్ బెల్ట్‌వే (ఊరి చుట్టూ తిరిగే రింగురోడ్డు) మీద పని జరుగుతున్న చోటికి కారు దూసుకొచ్చి ఆరుగురు రోడ్డు పనివాళ్లు చనిపోయారు. అలాంటివి మళ్లీ జరగకుండా ఏం చేయాలో చూడమని వేసిన బృందానికి ఈవిడనే పెద్దగా పెట్టారు. పాత ఉద్యోగం అక్కరకొచ్చింది.

మా అమ్మాయికి మాత్రం ఇవేవీ పట్టలేదు. బళ్లో మొదటిరోజు, అందరిలా కనబడాలని అలవాటులేని చల్లటి పాలు తాగి వాంతి చేసుకున్నానని అరుణ చెప్పుకుంది చూడండి, అదొక్కటే కావాలి దానికి. పులిహోర డబ్బాను మూత కూడా తీయకుండా వెనక్కి తెచ్చే పిల్ల మరి.

"అమ్మా, అప్పటిదాకా ఇండియాలో గ్రాండ్‌మా దగ్గరే ఉందట. వాళ్ల నాన్నని చూసి గుర్తుపట్టిందా?"

ఏమో అన్నాను. పది నెలలప్పుడు దీన్నీ గుంటూరు పంపాం. డేకేర్ ఖర్చు ఒకపక్క, వీసా టెన్షన్ ఇంకోపక్క. రెండేళ్ల తర్వాత ఎయిర్‌పోర్టులో మా అమ్మ కొంగు చాటు నుంచి తొంగిచూసి, నన్ను ఆంటీ అంది. ఆ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు.

"మరి నేను నిన్ను గుర్తుపట్టానా?"

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయంటూ వంటింట్లోకి లేచి వెళ్లాను. స్టవ్ మీద ఏమీ లేదని దానికీ తెలుసు.