నాన్న, నీళ్ల క్యాన్, మిహాయిన్ లోపెజ్

ఆదివారం. ఏడు కాకముందే నీళ్ల క్యాన్ అబ్బాయి బెల్లు కొట్టాడు. చెన్నై పెరంబూర్‌లో మాది రెండో అంతస్తు. క్యాన్ గుమ్మం దగ్గర దించి వెళ్లిపోతాడు. దాన్ని స్టాండు మీదికి ఎక్కించడం మొదటినుంచీ నాన్న పని. సీలు చింపి, మోకాళ్లు వంచి, మనిషి నడుం పట్టినట్టు రెండు చేతులా చుట్టి, పొట్టకి అదుముకుని ఒక్క ఊపులో లేపి బోర్లిస్తాడు. చుక్క కింద పడదు.

ఇవాళ సగం లేచి ఆగిపోయింది. నీళ్లు చొక్కా మీద ఒలికాయి. మెల్లగా కిందికి దించి, "ఓ చెయ్యి వెయ్యమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకు ఇదే మొదటిసారి. చెరోవైపు పట్టి ఎక్కించాం. గుడ్డ తెస్తానన్నా ఒప్పుకోలేదు, తడి తనే తుడిచాడు.

నాన్నకి అరవై తొమ్మిది. విజయనగరం పక్క పల్లె. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసి, గోదాలో వస్తాదు దగ్గర కుస్తీ నేర్చుకున్నవాడు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి ప్రస్తావన వస్తే ఇప్పటికీ నిటారుగా కూర్చుంటాడు. కుడిచెవి నలిగి ముద్దకట్టి ఉంటుంది. చిన్నప్పుడు ఆ చెవి పట్టుకుని నిద్రపోయేదాన్ని.

సాయంత్రం దాకా ఆయన పెద్దగా మాట్లాడలేదు. నాకేం చెయ్యాలో తోచక ఫోన్‌లో పారిస్ ఒలింపిక్స్ గ్రీకో రోమన్ కుస్తీ ఫైనల్ పెట్టి పక్కన కూర్చున్నాను. నాన్నకి ఈ ఆట ఇష్టం. ఇందులో నడుం కిందికి చెయ్యి పోకూడదు, కాలితో మెలిక వెయ్యకూడదు. పట్టంతా ఛాతీ, చేతులు, నడుం. "ఎవడి కాళ్లూ పట్టుకోకుండా గెలిచే ఆట" అంటుంటాడు.

ఆ ఫైనల్లో గెలిచిన మిహాయిన్ లోపెజ్‌ది క్యూబా. 2004 ఏథెన్స్ నుంచి పతకం లేకుండా తిరిగి వెళ్లాడు. ఆ తర్వాత 2008 బీజింగ్, 2012 లండన్, 2016 రియో, 2021లో జరిగిన టోక్యో, 2024 పారిస్, ఐదింటిలోనూ స్వర్ణమే. టోక్యోలో ఒక్క పాయింటు కూడా ఎవరికీ ఇవ్వలేదు. వేసవి ఒలింపిక్స్‌లో ఒకే వ్యక్తిగత పోటీలో ఐదు స్వర్ణాలు అంతకుముందు ఎవరికీ లేవు. కార్ల్ లూయిస్, ఫెల్ప్స్ లాంటివాళ్లు కూడా నాలుగు దగ్గర ఆగారు. పారిస్ ఫైనల్ ఆగస్టు 6న. మరో రెండు వారాల్లో నలభై రెండు నిండబోతున్న మనిషి 130 కిలోల పోటీలో 6-0తో గెలిచాడు. గెలిచి, మ్యాట్ మధ్యలో కూర్చుని, బూట్లు విప్పి అక్కడే వదిలేశాడు. ఇక దిగను అని చెప్పడానికి కుస్తీవాళ్ల పద్ధతి అది. నాకు గొంతు పట్టేసింది.

నాన్న మాత్రం, "ఆ రెండోవాణ్ణి చూపించు" అన్నాడు.

రెండోవాడు యస్మానీ అకోస్టా. చిలీ తరఫున ఆడినా పుట్టింది క్యూబాలోనే. అక్కడ లోపెజ్‌తోనే ప్రాక్టీసు. ఆ బరువులో లోపెజ్ ఉన్నంతకాలం ఇంకొకడికి చోటు లేదు. 2015లో పోటీలకని శాంటియాగో వెళ్లి అక్కడే ఉండిపోయాడు, సెక్యూరిటీ గార్డు పని చేసుకుంటూ సాధన సాగించాడు. చివరికి ఒలింపిక్ ఫైనల్లో ఎదురుగా నిలబడ్డది ఆ లోపెజే.

ఇదంతా చెబితే నాన్న చాలాసేపు తెర మీద అతని మొహమే చూశాడు. "వస్తాదుగారి పెద్దబ్బాయిదీ నాదీ ఒకే బరువు" అన్నాడు. "తీర్థంలో కుస్తీలకి వాణ్ణే పంపేవారు. రోజూ వాడికి జోడీ నేను. వాడి పట్లన్నీ నాకు తెలుసు." ఆగాడు. "అంతలో ఇక్కడ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఉద్యోగం వచ్చింది, రైలెక్కేశాను."

ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన కూతుర్ని. ఈ మాట ఎప్పుడూ వినలేదు. ఆ అబ్బాయి పేరు అడిగాను. చెప్పాడు, చెప్పేటప్పుడు గొంతులో కోపమేమీ లేదు.

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లోంచి పిలిచాడు. ఖాళీ క్యాన్ నేల మీద పెట్టి ఉంది. "పట్టు చూపించు" అన్నాడు. చుట్టి పట్టుకుని వేళ్లలో వేళ్లు దూర్చాను. "అలా గుచ్చకు, విరుగుతాయి. అరచేతి మీద అరచెయ్యి. ఊఁ. ఇప్పుడు నడుం కాదు, మోకాళ్లు."

లేపాను.

"ఇంకోసారి" అన్నాడు.