ఈ అంకె ఎవరు లెక్కపెట్టారు? దివిసీమ ఉప్పెన ప్రాజెక్టుతో నా అనుభవం

ఎం.ఏ. చరిత్రలో ప్రాజెక్టుకి దివిసీమ ఉప్పెన తీసుకున్నాను. అమ్మ వాళ్ళది దివిసీమలోనే, నాగాయలంక వైపు కాబట్టి సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. నెట్‌లో దొరికిందంతా పోగేసి, పన్నెండు పేజీలు రాసి గైడ్ మేడంకి ఇచ్చాను. ఆవిడ మొదటి పేజీలోనే ఆగి, మృతుల అంకె కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఇది ఎవరు లెక్కపెట్టారమ్మా?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చూస్తే ఒకచోట 10,000, ఇంకోచోట 14,204, మరోచోట ఏకంగా 50,000. ఎనిమిది వ్యాసాలు పక్కపక్కన పెట్టి చదివితే ఐదింటిలో ఒకటే వాక్యం, అచ్చుతప్పుతో సహా. నేను ఐదు ఆధారాలనుకున్నది నిజానికి ఒక్కటే. ఆ తర్వాత నెట్‌ని ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికే వాడాను.

పాత పేపర్ల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళాను. 1918 నాటి గ్రంథాలయం అది. బైండు చేసిన పేపర్ల అంచులు ముట్టుకుంటే పొడిగా రాలిపోతాయి, రెండు చేతులతో పట్టుకుని పేజీ తిప్పాలి. ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. మర్నాటి పేపర్లోనే అంతా ఉంటుందనుకున్నాను. కానీ దారులూ తీగలూ తెగిపోయిన చోటి నుంచి వార్త బయటికి రావడానికే రోజులు పట్టింది, అంకె రోజురోజుకీ పెరుగుతూ పోయింది. ఎంతమంది పోయారన్నది మొదటి వారం పేపర్లలో దొరకదు. బయటివాళ్ళకి ఎప్పుడు, ఎంత తెలిసిందన్నది మాత్రం వాటిలోనే దొరుకుతుంది.

ప్రభుత్వ కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నేను మండలం పేరు రాసిచ్చేదాన్ని, ఆ పేరుతో ఏమీ లేదనేవారు. తప్పు నాది కూడా. మండలాలు వచ్చింది 1985లో. దివి తాలూకా అని రాసిచ్చాకే పని కదిలింది. 1971, 1981 జనాభా లెక్కలు ఊరూరా పోల్చి చూడటానికి ఇంకో మూడు వారాలు. ఇక్కడ తొందరపడకూడదు. ఒక ఊళ్ళో జనం తగ్గితే అందరూ ఉప్పెనలో పోయినట్టు కాదు, వలసపోయినవాళ్ళూ ఉంటారు.

చివరగా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక మామ్మ దగ్గర కూర్చున్నాను. ముందే ప్రశ్నలు రాసుకెళ్ళాను గానీ మొదటి ప్రశ్నకే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ రికార్డింగ్ ఆపేసి, ఊరికే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. "దీపావళి వెళ్ళిన వారానికమ్మా. శనివారం." ఇంటి వెనక తాడిచెట్టు చూపించి, నీళ్ళు దాని సగం దాకా వచ్చాయంది. రికార్డింగ్ మళ్ళీ పెట్టుకోనా అని అడిగితే పెట్టుకోమంది.

ఇంటికొచ్చి ఆ ఏడాది పంచాంగం చూశాను. శనివారమే, దీపావళి వెళ్ళి వారమే. తాడిచెట్టు మాటని మాత్రం కొలతగా రాయలేదు, ఆవిడ మాటగానే రాశాను. నీటి ఎత్తుకి వాతావరణ నివేదికలున్నాయి, అవి సుమారు 5 మీటర్లంటాయి. సహాయం ఎప్పుడందింది అన్న దగ్గర ఆవిడ చెప్పిన కొన్ని సంగతులు 1990 మే తుఫానువేమో అనిపించింది. అవి ఇంకో ఇద్దరిని అడిగి సరిచూసుకున్నాకే వాడాను. దానికి ఆవిడని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ఊరు రెండు తుఫాన్లూ చూసింది.

మేడం గీత గీసిన చోట ఇప్పుడు ఉన్నది ఒకే అంకె కాదు. మూడు అంకెలున్నాయి, ఏది ఎక్కడి నుంచి తీసుకున్నానో పక్కనే రాశాను. 50,000 ఎవరు లెక్కపెట్టారో నాకు దొరకలేదని కూడా రాశాను. మామ్మ తన వీధిలో పోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒక్కొక్కరినీ పేరుతో చెప్పింది. మధ్యలో ఒక పిల్లాడి పేరు గుర్తురాక ఆగిపోయింది. రాత్రి పదింటికి ఫోన్ చేయించి మరీ ఆ పేరు చెప్పింది. ఆ జాబితా అంతా ఆవిడ చెప్పిన వరసలోనే అనుబంధంలో పెట్టాను.